ఎనభై ఏడో వంతు బెల్లంపల్లి

కరీంనగర్ బస్టాండు ముందర చాయ్ గ్లాసులు ఏటేటా చిన్నగైతున్నయి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో ఒక గ్లాసు చాయ్ తాగేసరికి పేపర్ మొదటి పేజీ అయిపోయేది. ఇప్పుడు పెద్దక్షరాల హెడ్డింగు దాటేలోపే గ్లాసు అడుగు కనబడుతున్నది. పొద్దున ఆరింటికి ఈ సంగతి చాయ్ పోసే ఆయనకు విన్నవిస్తే, "గ్లాసు గంతే ఉన్నది సార్, మీరే పెద్దగైండ్రు" అన్నడు. నా పొట్టను చూసి అన్నడో, తెల్లజుట్టును చూసి అన్నడో అడగలేదు. 

అయినా వస్తువులు చిన్నగైతున్నయని ఫిర్యాదు చేసే అర్హత నాకు లేదు. రిటైరైనప్పటి నుంచి మా ఇంటి పైగదిలో నేను చేస్తున్నది అదే పని. బెల్లంపల్లిని ఎనభై ఏడో వంతుకు కుదిస్తున్న. బొమ్మ రైళ్లు కట్టేవాళ్ల లోకంలో అదొక ఖాయమైన కొలత. ఆ లెక్కన ఆరడుగుల మనిషి రెండు సెంటీమీటర్ల మీద కొంచెం ఉంటడు. ఈ పనిలో పడ్డవాళ్ల బుద్ధి అంతకన్నా ఎక్కువ తగ్గుతదని మా చుట్టాల అభిప్రాయం.

సొంతూరు హుజూరాబాద్‌ను వదిలి బెల్లంపల్లిని ఎందుకు పట్టుకున్నవని చాలామంది అడిగిండ్రు. హుజూరాబాద్‌లో రైలు లేదు. లేని రైలుకు నమూనా కట్టడం మరీ సులువని ఆ ఆలోచన మానుకున్న.

గది నిండా ప్లైవుడ్ బల్ల. దాని మీద ఆవిరి ఇంజన్ల కాలపు ఊరు: స్టేషను, బొగ్గు లైన్లు, వ్యాగన్లలోకి బొగ్గు పోసే బంకరు, పవర్‌హౌస్, బాయి గేటు, దాని ముందర షిఫ్టుకు పోయే చిట్టి మనుషులు, వరుసగా కార్మికుల క్వార్టర్లు. పవర్‌హౌస్ పొగగొట్టం ప్లంబరు మా ఇంట్లో మిగిల్చిపోయిన పైపు. క్వార్టర్ల గోడలు మాకొచ్చిన పెళ్లిపత్రికల అట్టలు. ఒక ఇంటి వెనుకగోడ మీద 'విందు మధ్యాహ్నం పన్నెండు గంటలకు' అని ఇప్పటికీ చదువుకోవచ్చు. చెట్లు గిన్నెలు తోమే పీచు. ఇంజన్ మాత్రం జర్మనీది. హైదరాబాద్ దోస్తు ఒకాయన తెప్పించి ఇస్తే, నల్లరంగు పూసి బెల్లంపల్లి వాస్తవ్యుణ్ణి చేసిన. బొగ్గు అసలైన బొగ్గే. దంచి చాయ్ జల్లెడతో పట్టిన. అప్పటి నుంచి మా ఇంట్లో చాయ్ జల్లెడలు రెండు.

ఇదంతా మా ఇంటామె సుగుణ పుట్టిన ఊరు. ఆమె ఆ క్వార్టర్లలోనే పెరిగింది. వాళ్ల బాపు బాయిలో పనిచేసిండు. ఆ దిక్కు బొగ్గుగనిని బాయి అనే అంటరు. నేను పెళ్లిచూపులకు రైలు దిగినప్పుడు తెల్ల అంగీ మీద ఉన్న. ఇంటికి చేరేసరికి బూడిదరంగు అంగీ అయింది. అమ్మాయి అంగీని చూసి నవ్వింది. ఆ నవ్వును నమ్ముకొని నేను ఆ ఊరిని ఇష్టపడ్డ.

అట్లాంటి ఊరిని ఇంట్లో కడుతుంటే, నాలుగేళ్లలో సుగుణ ఒక్కసారి కూడా ఆ గదిలోకి రాలేదు. అన్నం వేళకు మెట్ల కింద నుంచి పిలుస్తది. స్టాఫ్ నర్సుగా ఆపరేషన్ థియేటర్లలోకి నిబ్బరంగా పోయి వచ్చిన మనిషి, నా గది మెట్లు మాత్రం ఎక్కదు. నా కోరిక ఒక్కటే. ఆమె ఒక్కసారి లోపలికి రావాలె, చూడాలె, "మా ఊరే" అనాలె. మెడళ్లు, మెప్పులు నాకు అక్కర్లేదు. ఎవరూ ఇస్తమని కూడా అనలేదు.

ఆలోచించి ఆలోచించి లోపం ఎక్కడుందో కనిపెట్టిన. నా బెల్లంపల్లిలో కూత లేదు. షిఫ్టు మారినప్పుడల్లా పవర్‌హౌస్ సైరన్ ఊరంతా వినబడేది. జనం దాన్ని వినే వంట మొదలుపెట్టేవాళ్లు, పిల్లల్ని బడికి తోలేవాళ్లు. ఆ కూత దొరికితే, బల్ల అంచుకు ఒక బటన్ పెట్టి, ఎప్పుడంటే అప్పుడు మోగించొచ్చు. కింద వంటింట్లో ఉన్న సుగుణ అది విని మెట్లెక్కి వస్తదని నా లెక్క. ఫిజిక్స్ చదివినవాడి లెక్క కాబట్టి నాకు అనుమానం రాలేదు. కూత వెదకడానికి బెల్లంపల్లి పోదామంటే సుగుణ, "అన్నను చూసి చాన్నాళ్లాయె" అని బయల్దేరింది. 

ఆరున్నరకు పెద్దపల్లి బస్సు ఎక్కినం. సుగుణ ఆధార్ చూపించి ఆడవాళ్లకు ఉచితంగ ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నది. నేను పైసలిచ్చి తీసుకున్న. ఇద్దరికీ ఒకటే సీటు, ఒకటే కుదుపు. గ్రానైటు బండలేసుకున్న లారీల వెనుక నిదానంగా సాగి, ఏడున్నర దాటినంక పెద్దపల్లి స్టేషన్లో ఉన్నం. కాగజ్‌నగర్ దిక్కు పోయే ప్యాసింజర్ ఎనిమిదింబావుకు రావాలె. తొమ్మిదికి వచ్చింది. ఈ దారిన పోదలచినవాళ్లకు ఒక మాట: ప్లాట్‌ఫాం మీద వడలు వేడిగనే ఉంటయి, చట్నీ మీద ఆశ పెట్టుకోవద్దు. ప్యాసింజర్ టికెట్ అగ్గువ. అందులో సగం ఆలస్యానికే చెల్లిపోయిందనుకుంటే మనసుకు హాయి.

డబ్బాలో మా ఎదురుగా ఫోన్ కవర్ల అట్టపెట్టె ఒళ్లో పెట్టుకొని ఒక నలభై ఏళ్ల మనిషి కూర్చున్నడు. పేరు ఖలీల్. బెల్లంపల్లి బజార్లో మొబైల్ రిపేరు దుకాణమట. ఆయన పక్కన, బాయి నుంచి రిటైరై మంచిర్యాలలో ఉంటున్న ఒక మఫ్లరు పెద్దమనిషి. రామగుండం దాటంగనే నేను ఆగలేక, బెల్లంపల్లి సైరన్ ఎట్లుండేదో యాదికున్నదా అని అడిగిన.

అడగకుండా ఉండాల్సింది. పెద్దమనిషి మఫ్లరు సడలించి, గొంతు సర్దుకొని, డబ్బా మొత్తం వినేటట్టు ఒక కూత పెట్టిండు. పై బెర్తు మీద పడుకున్నాయన తల కిందికి వంచి, "గట్ల గాదే, అది కడుపులకెళ్లి లేస్తది" అని తను ఇంకో కూత పెట్టిండు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లలో ఇద్దరు మూడోరకం కూత ప్రతిపాదించిండ్రు. ఒక చంటిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది, నిజానికి అందరిలోకీ అసలు సైరన్‌కు దగ్గరగా ఉన్నది అదే. టీసీ వచ్చి ఎవరికన్నా పానం బాగలేదా అని అడిగిండు. ఒక ఊరి జనం మొత్తానికి యాదికున్న శబ్దం, ఏ ఇద్దరికీ ఒక్కతీరుగా యాదికి లేదు.

సుగుణ కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నది. బయట పత్తిచేన్లు తప్ప ఏమీ లేవు. అయినా శ్రద్ధగా చూసింది.

ఖలీల్ నా బాధ చూడలేక, "మీరు పరేషాన్ గాకుండ్రి సార్. అసలుది మా అబ్బ క్యాసెట్ల ఉన్నది" అన్నడు. ఆయన పెదనాన్న నికాహ్‌ను వాళ్ల నాన్న టేప్‌రికార్డర్ పెట్టి మొత్తం ఎక్కించిండట. ఖాజీ సాబ్ ఖుత్బా, అంటే పెండ్లి ప్రసంగం, చదువుతుంటే మధ్యలో మూడింటి షిఫ్టు కూత వచ్చిందట. పవర్‌హౌస్‌తో ఎవరు పోటీపడతరు? ఖాజీ సాబ్ కూత అయిపోయేదాకా ఆగి, ఒకసారి దగ్గి, మళ్లీ అందుకున్నడట. క్యాసెట్ పాడుకాకముందే ఖలీల్ దాన్ని ఫోన్లకెక్కించి ఇంటిల్లిపాదికీ పంచిపెట్టిండు. నాకు గోదారి మీద రైలు కొంచెం తేలినట్టనిపించింది.

పదిన్నర దాటినంక బెల్లంపల్లిలో దిగినం. సుగుణ ఆటోలో నేరుగా వాళ్లన్న ఇంటికి పోయింది. నేను ఖలీల్ వెంట బజారుకు పోయిన. దుకాణం నా బెల్లంపల్లిలో పెట్టొచ్చు, అంత చిన్నది. ఆయన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టిండు. ముందు కొంచెం ఖుత్బా, తర్వాత ఎక్కడో భూమి లోపల నుంచి మొదలై, పైకి లేచి, నిలబడి, మెల్లగ వాలిపోయే కూత. ఆ వెంట దగ్గు. పెళ్లిచూపులనాడు విన్నది ఇదే. మెడ వెనుక వెంట్రుకలు లేచినయి. నా వయసులో అక్కడ మిగిలినవే తక్కువ కాబట్టి గుర్తుపట్టిన.

"పెండ్లి మొత్తం పంపన్నా సార్? ఖుత్బా మంచిగుంటది."

కూత మొదలైన కాడి నుంచి కొంచెం ముక్క చాలన్న. దగ్గు కత్తిరించి ఇయ్యన్నా అని అడిగిండు. ఇంటికి పోయి నేనే కత్తిరించుకుంట అన్న. ఇంకో చాయ్ తాగించి పంపిండు. అక్కడ గ్లాసు న్యాయంగనే ఉన్నది.

బావ ఇల్లు పాత క్వార్టర్ల పక్కనే. మా బావ దానియేలు, సుగుణకు అన్న, గనికి గాలి పంపే ఫ్యాన్‌హౌస్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైండు. ఆ ఫ్యాన్ పక్కన అన్నేండ్లు నిలబడ్డందుకు చెవులు మందగించినయి. మనం ఒకటికి రెండుసార్లు చెప్పాలె. ఆయన మాత్రం ఒక్కసారే చెప్తడు. నన్ను చూడంగనే, "ఏం బావా, మా ఊరిని ఇంకెంత చిన్నగ చేస్తవే?" అని నవ్వి, టేపు పట్టుకొని నాతో క్వార్టర్ల దిక్కు వచ్చిండు.

సుగుణ పుట్టిన క్వార్టరు ఇప్పుడు పునాది మాత్రమే. గోడలు మోకాలెత్తు ఉన్నచోట మేకలు ఎక్కి నిలబడ్డయి. నేను గడప కొలిచిన, వంటింటి వెడల్పు కొలిచిన. నా పెళ్లిపత్రిక క్వార్టరులో వంటిల్లు ఉండాల్సినదానికన్నా పెద్దగ ఉన్నదని తేలింది. విందు పన్నెండు గంటలకు అన్నందుకు అంతమందికి సరిపోవాలె గద అని సర్దిచెప్పుకున్న. ఒక మేక టేపు కొస నమిలింది. బావ దాన్ని అదిలించి, ఇదే పొయ్యికాడ మా అవ్వ కూసునేది అని తల్లి జాగ చూపించిండు. 

పన్నెండు కావస్తుండగా ఇల్లు చేరినం. సుగుణ కనబడలేదు. పక్కింటి మల్లవ్వ దగ్గరికి పోయిందట. మల్లవ్వ సుగుణను చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి. ఆమె పెనిమిటి కూడా అదే బాయిలో పనిచేసి, పింఛన్ తీసుకొని, కొన్నేండ్లు ఇంటి గేటుముందర కుర్చీలో కూర్చొని, షుగరుతో పోయిండు.

నేను అరుగు మీద కూర్చొని బావకు నా సంపద వినిపించబోయిన. ఫోన్లో ఎంత పెంచినా ఆయనకు వినబడలేదు. చేయి అడ్డంగా ఊపిండు. లోపలికి పోయి, ఇండ్లల్లో ప్రార్థనలు పెట్టినప్పుడు పాటలకు వాడే స్పీకరు తెచ్చిండు. చక్రాలున్నది, నడుమంత ఎత్తున్నది. ఫోన్‌ను దానికి కలిపి, బావ చెవుల కోసం ధ్వనిని చివరిదాకా తిప్పిన.

కూత లేచింది. భూమి లోపల నుంచే లేచింది. కిటికీ రెక్కలు అదిరినయి. బావ ముఖంలో ముందు సంబరం కనబడ్డది. వెంటనే అది మాయమైంది. ఆయన చూపు నా మీద లేదు, గల్లీ మీద ఉన్నది. నేనూ చూసిన.

తలుపులు తెరుచుకున్నయి. ఒక ముసలాయన బనియన్ మీదనే బయటికొచ్చి చేతి గడియారం చూసుకున్నడు. నాలుగిండ్ల అవతల ఇద్దరు ఆడవాళ్లు రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డరు. అందరికంటే ముందు చెప్పుల్లేకుండా గల్లీలోకి వచ్చింది సుగుణ. ఆమె చేతిలో గిన్నె దించే మసిగుడ్డ ఉన్నది. వెనుకనే మల్లవ్వ.

కూత వాలిపోయింది.  మల్లవ్వ గల్లీ మొత్తాన్నీ అడిగినట్టు అడిగింది:

"ఏ బాయిల?"

అప్పుడు స్పీకరు దగ్గింది.

ఖాజీ సాబ్ దగ్గు అంత పెద్దగ దునియాలో ఎవరూ విని ఉండరు. గల్లీ మొత్తం తలలు నా దిక్కు తిరిగినయి. నేను ఫోన్ ఆపబోయి ఇంకేదో నొక్కితే ఖుత్బా అందుకున్నది. బావ వచ్చి స్పీకరు వైరే పీకేసిండు.

ముసలాయన గడియారానికి రెండుసార్లు తాళమిచ్చి, నన్ను ఒకసారి చూసి లోపలికి పోయిండు. మల్లవ్వ రోడ్డు మీదనే నడుం మీద చేతులు పెట్టుకున్నది. "ఓ లెక్చరర్ సారూ, ముసల్దాన్ని రోడ్డు మీద ఉరికిచ్చినవ్. ఆడుకోనీకి నీకు ఇంకేం దొరకలేదా?" అన్నది. నేను మెట్లు దిగి పోయి చేతులు జోడించిన. అప్పటికి ఆమెకే నవ్వొచ్చింది. బాయిలు మూతపడి ఎన్నేండ్లాయె, ఇప్పుడు ఎవడికి ఏమైతదని ఉరికిన, నా తెలివి తెల్లారినట్టే ఉన్నదని తనను తనే తిట్టుకున్నది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎసట్ల బియ్యం పోసినం. గిన్నె దించింది నేను గాదు. నీ పెండ్లామే. నాకన్న ముందుగాల ఉరికింది" అన్నది.

సుగుణ అప్పటికే లోపలికి పోయి గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

అరుగు మీద బావ అసలు సంగతి చెప్పిండు. వేళకు వచ్చే కూతకు ఎవరూ తల కూడా ఎత్తేవాళ్లు కాదట. వేళ తప్పి వస్తే బాయిలో ఏదో అయినట్టు. అప్పుడు ప్రతి ఇంట్లో ఆడమనిషి చేసే మొదటి పని, పొయ్యి మీదిది దించడం. ఇంటాయన సంగతి తెలిసేదాకా ఆ క్వార్టర్లలో ఎవరూ పొయ్యి ముట్టించకపోయేది. వాళ్ల అవ్వ పిల్లల్ని మల్లవ్వకు అప్పజెప్పి బాయి గేటుకు పోయేది. కొంచెం పెద్దయినంక గిన్నె దించే పని సుగుణది.

"మా బాపు పోయినప్పుడల్ల తిరిగొచ్చిండు బావా. గాయిన దవాఖానల మంచం మీద, అందరం ఉండంగ పోయిండు. గాని కూత అయినప్పుడల్ల మా అవ్వ గేటుకాడికి పోయింది."

అంతా ఎనభై ఏడో వంతుకు తగ్గించుకుంటూ వచ్చిన నేను, కూతను మాత్రం పూర్తి సైజులో తెచ్చి బటన్‌కు కట్టాలనుకున్న. ఎప్పుడంటే అప్పుడు మోగుతదని సంబరపడ్డది ఆ బటన్ గురించే.

ఒంటిగంటన్నరకు మల్లవ్వ ఇంట్లోనే తిన్నం. దించి మళ్లీ పెట్టిన అన్నం అక్కడక్కడ పలుకుగ ఉన్నది. పచ్చిపులుసు, నాటుకోడి కూర. పలుకు నా వాటాకే ఎక్కువ వచ్చేటట్టు మల్లవ్వ జాగ్రత్త పడ్డది. కొసరి కొసరి వడ్డించి, నేను నములుతుంటే చూసి సంతోషించింది. బావ తినుకుంట తినుకుంట ఖాజీ సాబ్ దగ్గును అనుకరిస్తే సుగుణ కూడా నవ్వింది.  బెల్లంపల్లిలో బావ, మల్లవ్వ లేని పాఠకులు మంచిర్యాలలో దిగి స్టేషన్ ముందర భోజనం చేయడం మేలు. లాడ్జిలు కూడా అక్కడే దొరుకుతయి.

తిరుగు ప్యాసింజర్ నాలుగు దాటినంక వచ్చింది. బావ స్టేషన్‌దాకా వచ్చి, సుగుణ చేతిలో సీతాఫలాల సంచి పెట్టి, నా భుజం తట్టిండు. ఈసారి కిటికీ పక్క రెండు సీట్లు దొరికినయి.  ఎండ తగ్గి, పత్తిచేన్ల మీద గాలి మంచిగ వస్తున్నది.

మొత్తం మీద ప్రయాణం బాగనే సాగిందని చెప్పాలె. కూత దొరికింది, వంటింటి సరైన కొలత దొరికింది, కడుపు నిండింది. ఊరు చూడదలచినవాళ్లకు బెల్లంపల్లిలో చూడడానికి ఏమున్నదంటే, పునాదులు, మేకలు, తలుపు తట్టకుండనే బయటికొచ్చే మనుషులు. పొద్దున పోయి సాయంత్రం రావొచ్చు. నేను ఆ ఊరికి ఎన్నోసార్లు పోయిన గాని, అది ఏం వినుకుంట బతికిందో ఈ ఒక్కసారే తెలిసింది. ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువే.

మంచిర్యాలలో జనం దిగి డబ్బా ఖాళీ అయింది. కూత పెట్టను, ఫోన్‌లో నుంచి కూడా తీసేస్త అని సుగుణకు చెప్పిన. ఆమె ఒక సీతాఫలం విప్పి సగం నాకిచ్చింది. గింజలు కాగితంలో ఊయమన్నది. పైగదిలో పని ఎంతవరకు వచ్చిందో ఈ నాలుగేళ్లలో మొదటిసారి నేనే చెప్పుకొచ్చిన: బంకరు అయింది, లైన్లు అయినయి, బాయి గేటు, క్వార్టర్లు అయినయి, మనుషులకు రంగులేయడం కూడా అయింది, ఇక మిగిలింది వంటిల్లు సరిచేయడమే అని. మనుషులు ఎందరో, ఎటు చూస్తున్నరో చెప్పలేదు. ఆమె వినుకుంట తన సగం పండు తిన్నది.

రైలు గోదారి వంతెన ఎక్కింది. సుగుణ చేతులు తుడుచుకొని, నీళ్ల దిక్కు చూసుకుంటనే అన్నది:

"గేటు ముందర పదకొండుమందిని నిలబెట్టినవ్ గద, అందరి మొఖాలు బాయి దిక్కే ఉన్నయి. ఇంటికొచ్చేటోడు ఒక్కడన్న లేడు."